దయ్యం నవలకు ఫలశ్రుతి

భయం పుట్టించే చోటు వచ్చిందంటే చదివేవాళ్ళు గొంతు తగ్గిస్తారు. మా చదువులత్త పెంచేది. తలుపు దానంతట అదే తెరుచుకున్నా, చచ్చిపోయిన మనిషి గుమ్మంలో నిలబడినా, సంతలో కందిపప్పు ధర చెప్పినట్టు తొణక్కుండా, వీధి చివరి వరకు వినిపించేలా చదివేది. ఎందుకత్తా అంత గట్టిగా అంటే, "భయం మీకెయ్యాల. నాకేస్తే వరస తప్పిపోయిద్ది" అనేది.

పోయిన నెల నరసరావుపేట వెళ్ళే రైల్లో ఆమె గుర్తుకొచ్చింది. నా ఎదుటి బల్ల మీద ఇద్దరు ఆడపిల్లలు ఒకే పుస్తకంలోకి తలలు దూర్చి కూర్చున్నారు. ఒక పిల్ల చదువుతుంటే రెండో పిల్ల చెవులు మూసుకుని "చదవబాకే, చదవబాకే" అంటూనే, వేళ్ళు కాస్త వదులు చేసి వింటున్నది. అట్ట మీద జుట్టు విరబోసుకున్న ఆడమనిషి బొమ్మ ఉంది.

"దయ్యాల నవలండీ. చానా బాగుంది" అన్నది చదివే పిల్ల, నేను అడక్కుండానే.

"దయ్యం కాకముందు ఆమె ఎవరమ్మా?" అని అడిగాను.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అది ముందు పేజీల్లో ఉందండీ. బాగోలేదని దాటేశాం."

నాకు నవ్వు వచ్చింది. ఆ ప్రశ్న నాది కాదు, చదువులత్తది. ఆమె నోట విన్నదే నా నోట వచ్చింది.

ఆమె పోయి రెండు వేసవులు గడిచాయి. నేను పురిటికి పుట్టింటికి వెళ్ళి ఉండగా కబురు తెలిసింది. ఆఖరి చూపు దక్కలేదు. దక్కిన వాటికే రోజూ దీపం పెట్టేటప్పుడు స్వామికి దణ్ణం పెట్టుకుంటాను. ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండేది కానీ ఊళ్ళో ఎవరూ దాన్ని వాడలేదు. పెద్దవాళ్ళకూ చిన్నవాళ్ళకూ ఆమె చదువులత్తే. సొంత మేనల్లుళ్ళు ఉన్నారో లేరో నాకు తెలియదు. మొగుడు ఉన్నాడు. పొద్దున పొలానికి పోయి పొద్దుగూకాక వచ్చే మెత్తని మనిషి. ఆమె చదువుతుంటే వాకిట్లోకి వచ్చినా, చెప్పులు చేత పట్టుకుని పిల్లిలా దాటిపోయేవాడు.

నేను బడి మొహం చూసినదాన్ని కాదు. మా నాయన ఇంట్లోనే చదువు చెప్పాడు. ఆయన నేర్పిన అక్షరాలే నా సారె. గురజాలకు ఇవతల ఉన్న ఆ ఊరికి కోడలిగా వచ్చిన కొత్తలో, మా అత్తగారు నన్ను వెంటపెట్టుకుని మూడిళ్ళ అవతల ఉన్న ఆమె దగ్గరకు తీసుకుపోయింది.

"మా కోడలు కూడా చదువుద్దంట వదినా" అన్నది కొంచెం గర్వంగా.

చదువులత్త చింతపండు పొట్లం విప్పి, పండు చాటలో వేసి, ఆ కాగితం నా చేతికిచ్చింది. "చదువు."

అది ఏదో కోర్టు వేలం ప్రకటన. సగం చింతపండు రసానికి నల్లబడి ఉంది. తల వంచుకుని చదివాను.

"తప్పుల్లేవు. కానీ నీ కోసం నువ్వు చదువుకుంటన్నావు. గోడవతల మా గేదె ఉంది చూడు, దానిక్కూడా వినపడాల. మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాను. గేదె తల తిప్పిందో లేదో తెలియదు గానీ చదువులత్త తల ఊపింది. ఆ రోజునుంచి ఆమె గొంతు అలిసినప్పుడల్లా పుస్తకం నా ఒళ్ళోకి వచ్చేది. అత్తగారింట నాకంటూ దొరికిన మొదటి మర్యాద అది. ఈనాటికీ ఆ రుణం తీరిందనుకోను.

ఆమె చదివే తీరే వేరు. నాపరాళ్ళ అరుగు మీద స్తంభానికి ఆనుకుని, కాళ్ళు బారజాపి, పుస్తకాన్ని చిన్న పీట మీద పెట్టుకునేది. చేతిలో చీపురుపుల్ల. దానితో వరస వెంట నడుస్తూ చదివేది. కథ రసపట్టులో పడ్డప్పుడు పుల్ల ఆపి, నస్యం డబ్బీ తీసి, ఒక పట్టు పట్టేది. తుమ్ము వచ్చేదాకా కథ ఆగాల్సిందే. ఆడవాళ్ళందరూ ఒళ్ళో పత్తి పెట్టుకుని గింజలు తీస్తూ ఆమె ముక్కు వైపే చూస్తుండేవారు. ఒక్కోసారి తుమ్ము రాదు. "ఇంకా రాలేదా అత్తా?" అని ఎవరైనా అంటే, "మీరు చూస్తంటే ఎట్టా వచ్చుద్దే? సిగ్గు పడుద్ది" అనేది.

చదువుతూ చదువుతూ కథలోవాళ్ళను తిట్టేది. ఎంత పెద్ద రాజైనా సరే. "పో, పో, వేటకి పో. ఇంట్లో ఇల్లాలు ఏడుస్తంటే నీకు జింకలు కావాల్సొచ్చినయ్" అని ఒక మాట అని, మళ్ళీ పుల్ల కదిపేది. తిట్టేది కానీ దాటవేసేది కాదు. యుద్ధాలొద్దు, పెళ్ళికి పొమ్మని ఎవరైనా అడిగితే ఒప్పుకునేది కాదు. "రాసినాయన రాశాడు. మార్చటానికి నేనెవరు, ఇడవటానికి నువ్వెవరు?"

ఆ అరుగుకు ఒక పద్ధతి ఉండేది. పుస్తకం మొదలుపెట్టే రోజున పీట కడిగి ముగ్గు వేసి, పుస్తకం మీద అక్షింతలు వేసేవారు. ముగిసే రోజున ఫలశ్రుతి చదవాలి. అంటే ఈ కథ విన్నవారికి ఏ ఫలం కలుగుతుందో చెప్పే చివరి మాటలు. అవి విన్నాక వడపప్పు పంచి, అందరూ పుస్తకానికి మొక్కి లేచేవారు. మొదలైన పుస్తకాన్ని మధ్యలో ఆపడమనేది లేదు. ఆపితే కథ విన్నవాళ్ళ ఇంట్లో తిరుగుతుందని వాళ్ళ నమ్మకం.

యుద్ధం రోజులవి. కాగితం కరువు. పిడుగురాళ్ళలో కొట్లవాళ్ళు పాత పుస్తకాలు తూకానికి కొని పొట్లాలకు చింపేవారు. చదువులత్త మొగుడు ఒకసారి బెల్లం కోసం పోయి, కొట్లో చింపుతున్న పుస్తకాన్ని అడిగి తీసుకొచ్చాడు. అట్ట లేదు. రాసినాయన పేరున్న పుట లేదు. కథ మాత్రం మొదటినుంచి చివరిదాకా ఉంది. మా పురాణం అప్పుడే ముగిసింది. ఇంకో పుస్తకం లేదు. ఆమె దాన్నే పీట మీద పెట్టింది. పెట్టీ పెట్టగానే నాగరత్నం అక్షింతలు వేసింది.

నాగరత్నం మా వీధిలో అందరికంటే చురుకైనది. చేయీ చురుకే, నోరూ చురుకే.

"ఇది పురాణం కాదే. నవల. దయ్యం కథంట" అన్నది చదువులత్త.

"ఏదైతే ఏందత్తా, పీట మీద ఉందిగా" అన్నది నాగరత్నం.

చదువులత్త నవ్వి ఊరుకుంది. ఆమె అప్పుడే పీట తీసేసి ఉంటే తరువాత జరిగినదేదీ జరిగేది కాదేమో. కానీ నేను మాత్రం ఆ పీట ఉన్నందుకు దేవుడికి దణ్ణం పెడతాను.

ఆ నవలలో తల్లిలేని ఒక పిల్ల ఉంది. పదిహేనేళ్ళది. మేనమామ ఇంట్లో పెరుగుతున్నది. చిన్నప్పుడు పొయ్యిలో పడి ఒక బుగ్గ కాలింది. మేనమామ కూతుళ్ళూ, ఇరుగుపొరుగు పిల్లలూ ఆమెను 'బొగ్గులమ్మీ' అని పిలుస్తారు. దొడ్లో పాతబావి ఒకటుంది. ఆ పిల్ల నీళ్ళకు పోయినప్పుడు వాళ్ళు గోడ చాటున దాక్కుని, చచ్చిపోయిన తల్లి గొంతులా పిలుస్తారు. ఆ పిల్ల బావిలోకి వంగి "అమ్మా, వస్తన్నా" అంటుంది. వాళ్ళు విరగబడి నవ్వుతారు. ఇలా రోజూ. ఒకనాటి సాయంత్రం ఆ పిల్ల నిజంగానే ఆ బావిలోకి వెళ్ళిపోతుంది. ఆ తరువాత ఆ ఇంట్లో ఎవరు బిందె ఎత్తినా, నీళ్ళలోంచి వాళ్ళ నవ్వు వాళ్ళకే వినపడుతుంది. వినపడిన కొద్దీ వాళ్ళ గొంతు పూడుకుపోతుంది.

నాకు ఆ నవల మీద కలిగిన అభిప్రాయం ఒక్కటే. అది ఇప్పటికీ మారలేదు. దయ్యం వచ్చాక నాకు భయం తగ్గింది. రాకముందే ఎక్కువ భయం వేసింది. "అమ్మా, వస్తన్నా" అన్న మాట చదువులత్త అంత గట్టిగా చదువుతుంటే నా చేతిలో పత్తి తడిసిపోయింది. కష్టం వచ్చినప్పుడు దేవుణ్ణి పిలిచేవాళ్ళను చాలామందిని చదివాను. ఆ పిల్ల దేవుణ్ణి పిలవలేదు. పిలిచినట్టు అనిపించిన గొంతుకు బదులు పలికింది, అంతే. అంతకన్నా పెద్ద భక్తి ఏముంటుందో నాకు తెలియదు.

ఆ చోట చదువులత్త పుల్ల ఆపింది. నస్యం తీయలేదు. ఎవరినీ తిట్టలేదు.

మిగతా ఆడవాళ్ళకు పట్టింది వేరు. వాళ్ళకు బిందెలు పట్టుకున్నాయి. పురాణంలా విన్నారు గనుక, పురాణంలాగే నమ్మారు. సాయంత్రం నీళ్ళు తెచ్చుకుని బిందె దించగానే చెవి ఆనించి చూసుకోవడం మొదలుపెట్టారు.

మా వీధిలో కోటమ్మ అనే పిల్ల ఉండేది. ఆమెకూ పదిహేనే. తల్లి పోయి పినతల్లి దగ్గర ఉండేది. నోట మాట తేలిగ్గా వచ్చేది కాదు, నత్తి. మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయి, మెడనరాలు ఉబ్బి, కళ్ళు మూసుకుంటే గానీ మాట తెగేది కాదు. బావి దగ్గర అదొక వేడుక. "నీ... నీ... నీళ్ళు తోడనా కోటమ్మా?" అని నాగరత్నం అనేది. అందరూ నవ్వేవారు. అందుకని ఆ పిల్ల మాట్లాడటమే మానుకుంది. అరుగు దగ్గరికి వచ్చేది కానీ ఎక్కేది కాదు. కింద గోడవారగా కూర్చుని, వచ్చిన పని ఉన్నట్టు ఏదో ఒకటి చేస్తూ వినేది.

ఒకనాడు నాగరత్నం బావి దగ్గర మామూలుగా ఆ పిల్లను వెక్కిరించింది. ఆ వెంటనే తాడు తెగి ఆమె బిందె బావిలో పడింది. పల్నాటి బావుల లోతు తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. నాగరత్నం వంగి, "నా బిందె!" అని అరిచింది. బావి కూడా "నా బిందె!" అన్నది. అందులో వింతేమీ లేదు, ఆ బావి ఎప్పుడూ అంటుంది. కానీ నవల విన్న చెవులతో ఆనాడు నాగరత్నం మొదటిసారి విన్నది. ఇంటికి వచ్చి పడుకుంది. తెల్లారేసరికి జ్వరం. గొంతు బొంగురుపోయింది.

ఇంక వీధంతా ఒకటే మాట. కోటమ్మకు ఆ దయ్యమే పట్టిందని. పుస్తకంలో పిల్లా తల్లిలేనిదే, ఈ పిల్లా తల్లిలేనిదే. అదీ బావి, ఇదీ బావి. నిన్నటిదాకా నవ్వినవాళ్ళు ఇప్పుడు ఆ పిల్ల ఎదురొస్తే పక్కకు తప్పుకుంటున్నారు. పినతల్లి హడలిపోయింది. కృష్ణకు అవతలి నుంచి ఒక భూతవైద్యుణ్ణి రమ్మని కబురు పెట్టారు. ఆదివారం వస్తానన్నాడు. ఇట్టాంటివి నాలుక మీద కూర్చుంటాయనీ, పసుపుకొమ్ము కాల్చి నాలుక మీద వాత పెడితే వదిలిపోతుందనీ చెప్పి పంపాడు.

ఆ మాట వినగానే చదువులత్త పుస్తకం మూసి లేచింది. "రండే అందరూ" అని మమ్మల్ని బావి దగ్గరికి తోలుకుపోయింది. గట్టు మీద చేతులు ఆనించి లోపలికి వంగి, "ఒసేయ్ పిచ్చిముండల్లారా!" అని కేకవేసింది.

బావి అచ్చంగా ఆమె గొంతుతో ఆ మాటే అన్నది.

"విన్నారా? రాతి బావి. ఎవరేమంటే అదంటది. అందులో దయ్యమూ లేదు, నా బొందా లేదు" అన్నది చదువులత్త.

కోటమ్మ పినతల్లి గుండెలు బాదుకుంది. "అయ్యయ్యో వదినా, నీ గొంతు కూడా పట్టేసిందే!"

అందరూ ఆమెను చేతులు పట్టుకుని బావి దగ్గరనుంచి లాక్కొచ్చారు. నేను నవ్వాపుకోలేకపోయాను. చదువులత్త నవ్వలేదు. దారి పొడుగునా ఏదో లెక్క వేసుకుంటున్నట్టు పెదాలు కదిలిస్తూ నడిచింది.

అరుగు మీద ఆ సాయంత్రం పెద్ద వాదన జరిగింది. సగం మంది పుస్తకం ఆపమన్నారు. సగం మంది సగంలో ఆపితే ఇంకా ప్రమాదమన్నారు. చదువులత్త రెండు పక్షాలనూ చెయ్యెత్తి ఆపింది.

"పుస్తకం శనారానికి అయిపోవాల. అయిపోయినాకే ఆ వైద్యుడొచ్చేది. సగం కథ మీద ఏ వైద్యం పనిచేసిద్దే?"

అది వాళ్ళ నమ్మకానికి సరిగ్గా సరిపోయింది. ఒప్పుకున్నారు. ఆమె మొహంలో బెదురు లేదు. అంట్లు తోమాల్సిన మనిషి అంట్లు తోమడానికి కూర్చున్నట్టు కూర్చుంది.

రోజూ అన్నాలు కాగానే మొదలుపెట్టి పొద్దుగూకేదాకా చదివాం. ఆమె ఒక అధ్యాయం, నేనొక అధ్యాయం. ముగింపు ఎంత భయంకరంగా ఉందో చెప్పలేను. మేనమామ కూతుళ్ళూ, నవ్విన ప్రతి ఒక్కరూ మూగవాళ్ళయిపోతారు. పెళ్ళిపీటల మీద ఒకర్తె, పురిట్లో ఒకర్తె. ఆఖరికి ఆ ఇంట్లో మాట మిగిలింది ఒక్క వంటామెకు. ఆమె ఎప్పుడూ నవ్వలేదు. వంటింటి కిటికీలోంచి చూస్తూ ఉండేది, అంతే. దయ్యం ఆమెను ముట్టుకోకుండా వెళ్ళిపోతుంది. నవల అక్కడితో సరి. ఒక్క మంచి మాట లేదు. చదువులత్త ఒక్క అక్షరం కూడా దాటకుండా అంతా చదివింది.

శనివారం మధ్యాహ్నం అది ముగిసింది.

"ఫలశ్రుతి చదువత్తా" అన్నది నాగరత్నం. జ్వరం తగ్గింది కానీ దుప్పటి కప్పుకునే వచ్చింది.

ఫలశ్రుతి లేదని నాకు తెలుసు. ఆ ఆఖరి పుట నేనూ చూశాను. కింద ఒక చిన్న పువ్వు బొమ్మ అచ్చువేసి ఉంది, అంతే. చదువులత్త నావైపు ఒకసారి చూసింది. పుస్తకం మూసింది. దాని మీద చెయ్యి పెట్టింది. కళ్ళు మూసుకుని, పురాణం రాగంలో మొదలుపెట్టింది.

"ఈ కథను వినినవారును, వినిపించినవారును తెలియవలసినది ఏమనగా. ఎవరు తమ వాకిట నత్తిమాటల ఆడుబిడ్డ పలికినంతసేపు ఓపికతో, ఆమె మాట ముగియువరకు విందురో, వారి గొంతు వారికి నిలుచును. వారి బిందెలోని నీరు నీరుగానే ఉండును. ఎవరు ఆమె మాటను నడుమ త్రుంచి నవ్వుదురో, వారి నవ్వు వారి బిందెకు పోవును. ఎవరు ఆమె నాలుకపై నిప్పు నుంచుదురో, ఉంచుచుండగా చూచుచుందురో, వారి వంశమున మాట నిలువదు."

పత్తి గింజలు ఒలిచే చేతులన్నీ ఆగిపోయాయి.

"నాలుక సంగతి కూడా ఉందా వదినా అందులో?" అన్నది కోటమ్మ పినతల్లి.

"వినలేదూ?"

"ఎన్నాళ్ళు చెయ్యాల అత్తా ఈ నియమం? మండలం రోజులు చాలా?" అన్నది నాగరత్నం.

"బిందె పగిలేదాకా."

నాగరత్నం లెక్క వేసుకుంది. "మాది ఇత్తడి బిందె గదా అత్తా. అది పగలదుగా!"

"అయితే ఇంకేందే, అంతే" అన్నది చదువులత్త. వడపప్పు పళ్ళెం ముందుకు జరిపింది.

అందరూ పుస్తకానికి మొక్కి లేచిపోయాక నేను ఆగాను. పీట తీసి గోడకు ఆనించాను. అడగకుండా ఉండలేకపోయాను.

"అత్తా, రాసినాయన రాసింది మార్చగూడదన్నావుగా."

"మార్చానా? నీ ఎదురుగానేగా చదివింది. ఎక్కడ మార్చానో చూపియ్యి."

"మరి ఆ ఫలశ్రుతి?"

"పుస్తకం పువ్వు బొమ్మ కాడికి అయిపోయింది. ఆ తర్వాత నోరు నాది." వడపప్పు పళ్ళెం ఎత్తి పక్కన పెట్టి, "పాపమంటావా?" అని అడిగింది. ఆమె నన్ను ఏదైనా నిజంగా అడగడం అదే మొదటిసారి.

నేను ఇంట్లో చదువుకున్నదాన్ని. శాస్త్రాలు తెలియవు. "స్వామి కూడా అక్కడ ఉంటే అదే చెప్పేవాడు అత్తా" అన్నాను. నాకు తెలిసినది అంతే. ఇప్పటికీ అంతే.

"చాల్లే. దొంగముండ, బాగానే నేర్చావు మాట్లాడటం" అని నా చెంప మీద వేళ్ళతో తట్టింది.

ఆదివారం భూతవైద్యుడు వచ్చాడు. బొట్టూ, జడలూ, సంచీ. కోటమ్మ పినతల్లి గుమ్మంలో అడ్డంగా నిలబడి, చెంబుతో మజ్జిగ ఇచ్చింది.

"పిల్లనెక్కడ కూర్చోబెట్టారమ్మా?" అన్నాడు.

"పుస్తకం అయిపోయింది నాయనా. ఫలశ్రుతి కూడా అయింది. ఇంక అవసరం లేదు."

"పుస్తకమేంది? పట్టిన గాలి పుస్తకంతో పోయిద్దా?"

"పోయినా పోకపోయినా నాలుక ముట్టుకోనియ్యం" అని వెనకనుంచి నాగరత్నం అందుకుంది. "నీకేం పోయిద్ది, నువ్వు ఏరు దాటి పోతావు. ఇక్కడ బిందెలు మోసేది మేం."

ఆడవాళ్ళందరూ కొంగులు బిగించి నిలబడ్డారు. దయ్యానికి భయపడే అతన్ని పిలిచారు. దయ్యానికి భయపడే అతన్ని పంపించారు. అతను మజ్జిగ తాగి, మా ఊరి ఆడవాళ్ళనూ మా పుస్తకాలనూ తిట్టుకుంటూ పోయాడు. చదువులత్త గడప దాటి బయటకు రాలేదు. లోపల జొన్నలు విసురుతున్నది. తిరగలి చప్పుడు ఆగకపోవడం మాత్రం నేను విన్నాను.

ఆ వారమంతా బావి దగ్గర ఒక వింత నడిచింది. కోటమ్మ నోరు తెరవడం ఆలస్యం, అందరూ తోడటం ఆపి నిలబడేవారు. భయంతోనే నిలబడేవారు. ఆ పిల్లకు మొదట ఏమీ అర్థం కాలేదు. ఎగతాళికి కొత్త దారేమోననుకుని రెండు రోజులు నోరే విప్పలేదు. తరువాత "చే... చేద ఇయ్యి" అన్నది. నాగరత్నం ఆ మాట పూర్తయ్యేదాకా రెప్ప కొట్టకుండా చూసి, చేద చేతికిచ్చింది. భయంతో చేసే మంచి మంచేనా అని నేను చదువులత్తను అడగబోయాను. ఆమె మొహం చూసి మానేశాను. ముందు ఆ పిల్ల నీళ్ళు తోడుకోవాలి గదా.

తరువాతి పుస్తకం ఇంకా దొరకలేదు. అయినా మధ్యాహ్నం కాగానే అందరం అలవాటుగా అరుగు చేరాం. కోటమ్మ వచ్చింది. గోడవార కూర్చోబోయి, ఏమనుకుందో, మెట్టెక్కి పైకి వచ్చింది. చదువులత్త ఎదురుగా నిలబడింది. కళ్ళు మూసుకుంది.

"ఆ... ఆ వం... వం..."

ఎవరూ మాట అందించలేదు. ఇదివరకైతే పది నోళ్ళు పది మాటలు అందించేవి. నాగరత్నం తన నోటికి తానే కొంగు అడ్డం పెట్టుకుంది. ఆ పిల్ల మెడనరాలు ఉబ్బాయి. మళ్ళీ ఊపిరి తీసుకుంది. ఎండ స్తంభం మీదనుంచి జరిగి ఆమె కాళ్ళ మీదికి వచ్చింది. మేం విన్నాం.

"ఆ వంటామెని ఎం... ఎందుకు వదిలేసింది? ఆమె నవ్వలా. కానీ చూ... చూస్తానే ఉంది గదా."

నేను ఒళ్ళోని పత్తి వైపు చూసుకున్నాను. నాకు తెలిసినంతలో ఆ అరుగు మీద ఉన్నవాళ్ళందరూ ఒళ్ళోకే చూసుకున్నారు. చదువులత్త కోటమ్మనే చూసింది. తన ముందు కూర్చుని ఇన్నాళ్ళూ విన్నవాళ్ళలో నవలను నిజంగా విన్నది ఎవరో ఆమెకు అప్పుడే తెలిసినట్టుంది.

"వదల్లేదే తల్లీ" అన్నది. "ఆ పిల్లే నిన్ను పంపించి అడిగిస్తా ఉంది గదా, చూస్తా ఊరుకున్న మమ్మల్ని."

మేమెవరమూ నవ్వలేదు. కోటమ్మ ఒక్కతే నవ్వింది. నోరంతా తెరిచి, తడబాటు లేకుండా, పెద్దగా నవ్వింది. ఆ నవ్వు పూర్తయ్యేదాకా అందరం విన్నాం.